రింగుల ప్రాపర్టీ పంపకాలు

రిజిస్ట్రారు ఆఫీసులో ప్రాపర్టీ అంటారు, బీజగణితంలోనూ ప్రాపర్టీ అంటారు, అక్కడ దానర్థం గుణం. మొదటిదానికి వారసత్వ చట్టం ఉంది, తరాలు గడిచినా తెగని దావాలున్నాయి. రెండోదాన్ని పట్టించుకున్న నాథుడే లేడు. కమ్యుటేటివ్ రింగుల (కూడిక, తీసివేత, గుణకారం చేసుకోగల, ఏ వరసలో గుణించినా ఒకే జవాబొచ్చే సమూహాల) ఇళ్లలో పంపకాలు ఇంత అడ్డగోలుగా సాగుతుంటే అధికారులకు నిద్రెలా పడుతోందో!

పూర్ణాంకాల రింగునే చూడండి. పరువు గల కుటుంబం. ఐడియల్ అంటే తనలోవాటిని కూడినా, రింగులో దేనితో గుణించినా బయటికి పోని ఉపకుటుంబం. అందులో ఏ ఐడియల్‌నైనా ఒకే ఒక్క సంఖ్య తన గుణిజాలతో పోషిస్తుంది. పోనీలే అని ఎక్స్ అనే చలరాశిని ఇంట్లోకి రానిచ్చి బహుపదుల రింగు కట్టారు. వెంటనే 2, ఎక్స్ కలిసి ఒక ఐడియల్ పెట్టాయి. దాన్ని ఒంటిచేత్తో నడిపే బహుపది ఇల్లంతా గాలించినా దొరకదు. కారణాంకాలు ఒకే విధంగా విడిపోయే గుణం మాత్రం గణితవేత్త గాస్ చలవతో మిగిలింది. నోయిథీరియన్ గుణానికీ (ఏ ఐడియల్ పోషణకైనా లెక్కకు అందేంత మంది సభ్యులు చాలడం) ఢోకా లేదు, 1890లోనే హిల్బర్ట్ జామీను సంతకం పెట్టాడు. ఆ గుణం ఎవరి పేరు మీద చలామణీ అవుతోందో ఆ ఎమ్మీ నోయిథర్ అప్పటికింకా చిన్నపిల్ల. మైనరు ఆస్తికి ఇంత పకడ్బందీ కాపలా నేనైతే ఎక్కడా చూడలేదు.

బహుపదులకు దక్కిన కారణాంకాల గుణం ఘాతశ్రేణులకూ దక్కుతుందనే కదా ఎవరైనా అనుకునేది? దక్కనక్కర్లేదని 1961లో పియర్ సామ్యూల్ ఉదాహరణతో సహా చూపించాడు. బహుపది ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఘాతశ్రేణి మన సభల్లో ముఖ్య అతిథిలా ఆగదు. అలాంటివాళ్ల చేతిలో ఏ ఆస్తి నిలిచింది గనక!

ఇక వియ్యాల సంగతి. ఇంటిగ్రల్ డొమైన్ అంటే సున్నా కాని రెండింటిని గుణిస్తే సున్నా రాని ఇల్లు. అలాంటి రెండిళ్లను కలిపి ప్రోడక్ట్ రింగు చేశారు, అంటే ఇంటికొకటి చొప్పున జతకట్టి ఏ స్థానానికా స్థానం గుణించడం. (1, 0) సున్నా కాదు, (0, 1) సున్నా కాదు. గుణిస్తే (0, 0). అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు విచారించి చేసిన సంబంధం మరి!

లోకలైజేషన్ (రింగులో కొన్నింటిని హరాలుగా ఒప్పుకుని భిన్నాలు కట్టే పద్ధతి) ఒక్కడే బుద్ధిమంతుడు. సున్నాను హరంలో కూర్చోబెట్టనంత వరకు, ఇప్పటిదాకా చెప్పిన గుణాలన్నీ కళ్లకద్దుకుని తీసుకుంటాడు. అందుకే అతని గురించి రాయడానికేమీ లేదు.

అసలు టెన్షనంతా కొలతల దగ్గర. డైమెన్షన్ అంటే ప్రైమ్ అనే రకం ఐడియల్స్‌ను ఒకదానిలో ఒకటి పేర్చుకుంటూ ఎన్ని మెట్లు ఎక్కగలమో ఆ లెక్క. 1 డైమెన్షన్ ఉన్న రింగుకు ఒక చలరాశి చేరిస్తే 2 రావాలి. నోయిథీరియన్ ఇళ్లలో అలాగే వస్తుంది. మిగతాచోట్ల 3 కూడా రావచ్చని సైడెన్‌బర్గ్ తేల్చాడు. అదనంగా తేలిన ఆ ఒక్కటీ ఎవరి పేరున రిజిస్టర్ చేయాలో ముందు తేల్చండి.