50వ నంబరు ఇంటి తగాదా

కడప ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న మా నాపరాళ్ల వ్యాపార కార్యాలయానికి ఇంటర్నెట్ ఫోను వచ్చినప్పుడు, దాన్ని అమర్చే బాధ్యత నా మెడకు చుట్టుకోవడానికి కారణం, ఒకప్పుడు ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని నేను చిరగకుండా బయటికి లాగడమే. ఆనాటి నుంచి ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువుకూ నేనే వైద్యుణ్ణి. ఈ ఫోనుకైతే ప్లగ్గు కూడా లేదు. అడాప్టరు కోసం అట్టపెట్టెను అరగంటసేపు తిరగేసి, థర్మాకోలును సైతం విరిచి చూశాక, నెట్ కేబుల్లోనే మాటతో పాటు కరెంటూ వస్తుందని తెలిసింది.

తెర వెలగగానే ఐపీ చిరునామా అడిగింది. మా నెట్‌వర్కును 192.168.1 అనే వీధి అనుకుంటే, అందులో 1 నుంచి 254 వరకు ఇళ్లుంటాయి. మొదటి ఇల్లు రౌటరుది. డీహెచ్‌సీపీ అన్నచోట సరేనని ఊరుకుంటే, ఖాళీగా ఉన్న ఇల్లేదో రౌటరే చూసి ఇస్తుంది. కాని ఒక డబ్బా దయమీద బతకడం నామోషీ అనిపించి, గుర్తుంచుకోవడానికి సులువని 50 అని నా చేత్తోనే నొక్కాను. రెండేళ్ల కిందట ప్రింటరుకు కూడా, సరిగ్గా గుర్తుంచుకోవడానికి సులువనే, అదే అంకె ఇచ్చిన సంగతి మాత్రం గుర్తు రాలేదు.

ఇక వాయిస్‌మెయిల్, అంటే మేము ఫోను ఎత్తనప్పుడు అవతలివాళ్ల మాటను దాచిపెట్టే ఏర్పాటు. నక్షత్రం గుర్తు, 97 నొక్కి లోపలికి వెళ్లగా, అమెరికా యాసలో ఒకావిడ సున్నా నొక్కమని, ఒకటి నొక్కమని, బీప్ వినబడ్డాక మాట్లాడి హ్యాష్ నొక్కమని చెప్పింది. నేను గొంతు సవరించుకుని, "నమస్కారం. ప్రస్తుతం మేము అందుబాటులో లేము. మీ మాట చెప్పండి" అని వార్తలు చదివినట్టు పలికి, ఆ తృప్తిలో హ్యాష్ సంగతి మరిచి రిసీవరును బల్లమీద పెట్టాను. అంతలో టిఫినుకు బయలుదేరుతున్న కుర్రవాడు కంటబడ్డాడు.

"ఒరే అబ్బీ, రెండు కారం దోసెలు! ఎర్రకారం దట్టంగా పూయించు. పప్పుల పొడి పైన బాగా సల్లమను. పోయినసారి మాదిరి పిసినారితనం చేస్తే నేనే వస్తానని చెప్పు!"

తిరిగి రిసీవరు ఎత్తి హ్యాష్ నొక్కితే, సమ్మతమైతే 1, వినాలంటే 2, మళ్లీ చెప్పాలంటే 3 అంది ఆవిడ. నా గొంతు నాకు తెలియదా అని 1 నొక్కాను.

తర్వాత నాలుగు రోజులు ప్రింటరూ ఫోనూ ఒకే ఇంటికి రెండు పట్టాలున్న దాయాదుల్లా కొట్లాడుకున్నాయి. ఫోను పలికితే బిల్లు రాదు. బిల్లు వస్తే ఫోనుకు సర్వరుతో సంబంధం తెగిపోయి, వచ్చిన ప్రతి కాలూ నేరుగా వాయిస్‌మెయిలుకు పోయేది. ఫోను నెత్తిన ఒక ఎర్రదీపం అప్పుడప్పుడూ మినుకుమంటుంటే, కొత్త వస్తువు కదా, కొంత అలంకారం ఉంటుందిలే అనుకున్నాను.

అయిదోనాడు ఎర్రగుంట్ల గనుల దగ్గరి నుంచి మా యజమాని దిగారు. "ఏమప్పా, నాలుగు దినాల నుంచి ఒక్క ఆర్డరూ రాలేదే?" అని అడుగుతూ ఆయన ఆ దీపం వంక చూశారు. నేనూ చూశాను. స్పీకరు వేయగా 19 సందేశాలు ఉన్నాయని ఆవిడ చెప్పింది.

మన రాయిని కడప్పా అని పిలిచి వంటగట్లకు పరిపించే పూణె వ్యాపారి, మా ప్రకటన అర్థం కాకపోయినా మంచి ఊపుగా ఉందని హిందీలో మెచ్చుకుని, రెండు లారీల సరుకు అడిగాడు. ప్రొద్దుటూరు గిరాకీదారు, బండల సంగతి తర్వాత, ముందు ఆ దోసె యాడ దొరుకుతుందో చెప్పమన్నాడు. కార్యాలయమంతా ఒక్కొక్కరుగా బల్ల చుట్టూ చేరింది. చివరి సందేశంలో గొంతు మా యజమానిదే.

"ఏం సామీ, నేను లారీ గురించి అడుగుతాంటే దోసెలంటావేంది? హలో! ... సరే, నాకూ ఒకటి చెప్పు. కారం ఎక్కువే పూయించు. డాక్టరు వద్దన్నాడు గానీ, మా ఇంట్లో మాత్రం చెప్పొద్దు."

ఎవరూ నవ్వలేదు, నవ్వకుండా ఉండటానికి క్యాషియరు బీరువా తెరిచి అందులో తల పెట్టాడు. యజమాని కాసేపు పైకప్పు వంక చూసి, దీన్ని తుడిచేయాలంటే ఏ అంకె నొక్కాలని నన్ను మెల్లగా అడిగారు.

"7 సార్" అన్నాను.