సవరణ: తాబేలు పెంచడానికి లైసెన్సు లేదు

నాగావళి గట్టున దొరికిన తాబేలును ఫారెస్టు ఆఫీసులో లైసెన్సు తీసుకుని పెంచుకోవచ్చని మొన్న రాశాను. తప్పు. ఆమదాలవలస కుర్రాడొకడు నిజంగానే అప్లికేషన్ ఎక్కడ దొరుకుతుందని అడిగేసరికి టెన్షన్ పట్టుకుంది.

కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో చేసే రిజిస్ట్రేషన్ ఇగువానా లాంటి విదేశీ జాతులకు. దాన్నీ దీన్నీ కలిపేశాను. మన చెరువు తాబేలు, ఉడుము వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. నక్షత్ర తాబేలు షెడ్యూల్ 4 అన్నదీ పాత లెక్కే. 2022 సవరణతో అదీ 1లోకి వచ్చింది. పట్టుకోవడం కూడా చట్టం దృష్టిలో వేటే, మూడు నుంచి ఏడేళ్ల జైలు. పరిశోధన, జూ, పాము విషం సేకరణ వంటి పనులకే సెక్షన్ 12 కింద పర్మిట్ ఇస్తారు. సరదాకి ఇవ్వరు.

పాత పోస్టు తీసేశాను.