గిత్తకు స్టెబిలైజేషన్ బిగించేదెట్లా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొత్తగా కెమెరా కొనే ప్రతి కుర్రాడినీ ఒకటే బెంగ పీక్కుతింటోంది: మొదటి లెన్సుకి స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకుని సర్దే ఏర్పాటు, ఉండాలా, వద్దా? పెళ్లి సంబంధానికైనా ఇన్ని వాకబులుండవు. కాబట్టి విచారణ మొదలుపెడదాం.

మొదటి ముద్దాయి, చెయ్యి. లెన్సు ఎంఎం అంకె ఎంత పెద్దదైతే షట్టరు అంత చురుగ్గా పడాలన్నది పాత లెక్క. క్రాప్ సెన్సారుకి, అంటే చవక కెమెరాల్లోని చిన్న సెన్సారుకి, ఆ అంకెని ఒకటిన్నరతో హెచ్చవేస్తే 55 ఎంఎం దగ్గర 1/80 సెకను, 200 దగ్గర 1/300. అంతకన్నా నిదానిస్తే రంగనాయకులస్వామి గాలిగోపురం పక్కన ఇంకో గోపురం లేస్తుంది, పైసా ఖర్చు లేకుండా. స్టెబిలైజేషన్ ఉంటే లెన్సు లోపలి గాజు ఒకటి చేతి వణుకుకి ఎదురు జరుగుతుంది. ఒక్కో స్టాపుకీ షట్టరు సమయం రెట్టింపవుతుంది; కంపెనీ నాలుగు స్టాపులంటే 1/80 కాస్తా 1/5 దాకా దిగొచ్చు. కంపెనీ మాట గనక ఒక స్టాపు తరుగు తీసి 1/10 అనుకోండి. బటను సగం నొక్కి, బొమ్మ కుదురుకున్నాక పూర్తిగా నొక్కాలి.

రెండో ముద్దాయి, ఒంగోలు గిత్త. బండలాగుడు పందెంలో అదే 1/10 పెట్టి చూడండి. గట్టు మీది పెద్దాయన మీసం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు, గిత్తలు మాత్రం తెల్లటి పొగ. ఆ గాజు ఆపేది మీ చేతిని, దాని కాళ్లని కాదు. కాళ్లు ఆగాలంటే 1/500 కావాలి. లేదంటే పోటీల కమిటీ వారే గిత్తలకు స్టెబిలైజేషన్ బిగించి బరిలోకి దింపాలని మనవి.

రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువులో మాపటేళ చేతులు మారే రొట్టెకీ ఇదే శాస్త్రం. ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దది. అక్కడ ఎఫ్/1.8 లెన్సు, కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు 55 దగ్గర ఇచ్చే ఎఫ్/5.6 కన్నా దాదాపు పది రెట్లు వెలుగు లాగుతుంది. చవక 50 ఎంఎం ఎఫ్/1.8లో స్టెబిలైజేషన్ ఉండదు, పాపం. దానికి లోటూ తెలీదు.

అయితే పొడుగు జూముకి మాత్రం బేరమాడొద్దు. కేనన్ ఆర్50, నికాన్ జెడ్50 బాడీల్లో సెన్సారుకి స్టెబిలైజేషన్ లేదు, లెన్సులోనే ఉండాలి. కేనన్ 1995లో ఐఎస్ (స్టెబిలైజేషన్‌కి వాళ్లు పెట్టిన పేరు) పెట్టి అమ్మిన మొట్టమొదటి ఎస్ఎల్ఆర్ లెన్సు 75-300. అదే అంకెలతో ఐఎస్ లేని 75-300 కూడా ఉంది, కుర్రాళ్లకి అంటగట్టేదీ దాన్నే. దాని బదులు 55-250 ఐఎస్ అడగండి, ఆర్50కైతే అడాప్టరుతో. నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300లోనూ (జెడ్50కి ఇదీ అడాప్టరుతోనే) రెండు రకాలున్నాయి. పెట్టె మీద వీఆర్ (నికాన్ వారి స్టెబిలైజేషన్ పేరు) అన్న రెండక్షరాలు కళ్లద్దాలు పెట్టుకుని చూశాకే డబ్బు తియ్యండి.

ఇక తెల్లారుజామున మైపాడు బీచిలో ట్రైపాడ్ వేసి రెండు సెకన్ల ఫొటో తీసే మహానుభావులకు: కాళ్లు ఇసకలోకి దిగేదాకా నొక్కి, స్టెబిలైజేషన్ ఆపేయండి. పాత లెన్సులు కొన్ని, లేని వణుకుని వెతుక్కుంటూ అవే వణుకుతాయి. స్విచ్చి లెన్సు పక్కన లేకపోతే మెనూలో ఎక్కడో ఉంటుంది. తొందరగా వెతకండబ్బయా, సూర్యుడిక్కూడా స్టెబిలైజేషన్ లేదు.