ఖాళీ ఇల్లు ఎదురు చెప్పదు

ఇల్లు అద్దెకివ్వడం వ్యాపారం అనుకునేవాళ్ళు కొందరున్నారు. పాపం, తెలియక. హైదరాబాద్ ఓనరు దృష్టిలో అది ఉపకారం, ప్రతి నెలా ఐదో తారీఖులోపు అకౌంటులో పడాల్సిన ఉపకారం. ఈ సంప్రదాయం నాలుగు కాలాలపాటు నిలవాలని, కొత్తగా ఓనర్లయిన వారి కోసం విధివిధానాలు లెక్కలతో సహా కింద ఇస్తున్నాం.

ముందు కొనుగోలు. 70 లక్షల డబుల్ బెడ్రూం ఫ్లాటు అనుకుందాం. బ్యాంకు 80 శాతం, అంటే 56 లక్షల దాకా ఇస్తుంది. మీరు సంయమనం పాటించి 50 తీసుకున్నారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 5 లక్షల 25 వేలు. అప్పు లెక్కలో బ్యాంకు దాన్ని చూడదు కాబట్టి అదీ మీ జేబులోంచే. ఎనిమిదిన్నర వడ్డీకి ఇరవై ఏళ్ళ అప్పు, ఈఎంఐ 43,391. అద్దె 22,000. 'అద్దెతోనే ఈఎంఐ వెళ్ళిపోతుంది సార్' అన్న ఏజెంటు, మిగిలిన 21,391 ఎటు వెళ్తుందో చెప్పలేదు. మొదటి నెల ఈఎంఐలో 35,417 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 7,974.

ఏడాది అద్దె 2,64,000, పెట్టిన ధర మీద 3.77 శాతం. ఎనిమిదిన్నరకు తెచ్చి మూడుముప్పావుకు తిప్పడాన్ని మన తాతలు వేరే పేరుతో పిలిచేవారు. మనం ఇన్వెస్ట్‌మెంట్ అంటున్నాం. ఫ్లోటింగ్ వడ్డీ అప్పుకు ముందస్తు చెల్లింపు మీద పెనాల్టీ లేదు, ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా కడితే ఇరవై ఏళ్ళ అప్పు పదహారున్నరేళ్ళకే తీరిపోతుంది. కానీ ఆ డబ్బుతో హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించుకోవచ్చు. ఏది ముఖ్యమో మీకే తెలుసు.

ఇక అడ్వాన్సు. రెండు నెలల అద్దె, 44,000. ఇది అద్దెకొచ్చినవాళ్ళ డబ్బే, తిరిగి ఇచ్చేయాల్సిన బాకీ. ఈ విషయం మనసులో పెట్టుకుంటే రాత్రుళ్ళు నిద్రపట్టదు. అందుచేత చేతికి అందిన వారంలోనే ఈఎంఐలో కలిపేయండి. వాళ్ళు ఖాళీ చేసిన రోజున జేబులో ఎలాగూ ఉండదు కనుక, గోడకు మేకు రంధ్రం, స్విచ్ బోర్డు దగ్గర చేతి మరక, బాల్కనీ జాలీకి తుప్పు వగైరా నేరాలు కనిపెట్టవలసి ఉంటుంది. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. అంత పాత చట్టాన్ని మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పెయింటింగుకు ఒక నెల అద్దె కోసేయండి, గోడలు బాగుంటే మరీ మంచిది, పెయింటు ఖర్చు కూడా మిగులుతుంది.

ఇల్లు అప్పగించేటప్పుడు కొందరు పిరికి ఓనర్లు ఫ్యాన్లు నాలుగు, గీజరు ఒకటి, తాళంచెవులు మూడు సెట్లు, కరెంటు మీటరు రీడింగు ఇంత అని కాగితం మీద రాసి, గది గదికీ ఫోటోలు తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటారు. ఇలాంటి కాగితం ఉంటే తర్వాత నోటికొచ్చినంత కోయడం కుదరదు. వద్దు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంటు, నోటరీ ముద్ర చాలు. ఏడాది దాటితేనే రిజిస్టర్ చేయించాలని అందరూ అనుకుంటారు కనుకే పదకొండు నెలలు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదని చెప్పేవాళ్ళకు మన కాలనీలో మర్యాద లేదు.

అద్దెదారుల ఎంపిక అతి ముఖ్యం. జీతం ఎంత, అద్దె అందులో మూడో వంతు దాటుతోందా, ఇదివరకటి ఓనరుకు అద్దె టైముకు ఇచ్చారా అని అడగడం అసభ్యం. అడగవలసినవి వేరే ఉన్నాయి: 'చుట్టాలు ఎక్కువగా వస్తుంటారా? నాన్‌వెజ్ వండుతారా?' కాస్త ఆగి, గొంతు తగ్గించి, 'ఇంతకీ మీరేమిట్లు?' జవాబు నచ్చితే మూడు నెలలు అద్దె ఎగ్గొట్టినా మనవాళ్ళే ఎగ్గొట్టారన్న ఊరట ఉంటుంది.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో. రెండు పోర్షన్లున్నా ఒకే మీటరు ఉంచి, కింద సబ్ మీటరు బిగించండి. అప్పుడు రెండు ఇళ్ళ యూనిట్లూ ఒకే బిల్లులో కలిసి పై శ్లాబులోకి ఎక్కుతాయి. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు అందే ఉచిత కరెంటు పథకం, గృహజ్యోతి, ఎవరికీ అందకుండా పోతుంది. సమానత్వం అంటే అదే.

ఇప్పుడు అసలు ఘట్టం, అద్దె పెంపు. ఉన్నవాళ్ళు ఐదు శాతం పెంచి 23,100 ఇస్తామన్నారు. ఎదురు ఫ్లాటు 25,000కు పోయిందని వాచ్‌మన్ చెప్పాడు. నెలకు 1,900 తేడా! వదలకండి. వెళ్ళిపొమ్మనండి. రెండు నెలలు ఖాళీ ఉంటుంది: పోయిన అద్దె 46,200. ఖాళీ ఫ్లాటుకూ అసోసియేషన్ మెయింటెనెన్స్ వసూలు చేస్తుంది, నెలకు 2,500 చొప్పున 5,000. బ్రోకరుకు పదిహేను రోజుల అద్దె 12,500. మొత్తం 63,700. నెలకు 1,900 చొప్పున ఇది వసూలవడానికి ముప్పై నాలుగు నెలలు పడుతుంది. కొత్తవాళ్ళ అగ్రిమెంటు పదకొండు నెలలు. అయినా ఆ రెండు నెలలూ కుళాయి కారుతోందని ఎవరూ ఫోన్ చేయరు. ఖాళీ ఇంటి సుఖమే వేరు.

పన్ను విషయంలో ఓనర్లు చూపే చాకచక్యం ప్రత్యేకంగా మెచ్చుకోదగినది. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం అద్దెదారు ఆఫీసులో ఓనరు పాన్ అడుగుతారు. 'పాన్ ఇవ్వం, రసీదు ఇవ్వం, క్యాష్ ఇవ్వండి' అని ఖరాఖండిగా చెప్పాలి. అద్దె చూపిస్తే ఏమవుతుందో ఒకసారి చూడండి, భయం వేస్తుంది. 2,64,000లో మీరు కట్టిన ఇంటిపన్ను, ఆరు వేలనుకుంటే, పోగా 2,58,000. అందులో 30 శాతం, 77,400, మరమ్మతుల పేరిట తీసేస్తారు. మీరు మరమ్మతు చేయించారా అని ఎవరూ అడగరు, ప్లంబరును అద్దెదారే తెచ్చుకున్నా సరే. మిగిలింది 1,80,600. మొదటి ఏడాది అప్పు వడ్డీ 4 లక్షల 21 వేలు. అంటే అద్దె మీద పన్ను సున్నా! కొత్త పన్ను విధానంలో, అద్దె దాచి సొంతానికి వాడుకుంటున్నట్టు చూపిస్తే ఆ వడ్డీకి రూపాయి మినహాయింపు కూడా రాదు. కట్టనక్కర్లేని పన్ను ఎగ్గొట్టడంలో ఉన్న తృప్తి మాటల్లో చెప్పలేం.

డల్లాస్‌లో ఉన్న ఓనర్లకు ఒక ప్రత్యేక సూచన. ఎన్నారైకి అద్దె ఎంత తక్కువైనా సరే, ముప్పై శాతం, దాని మీద సెస్సు, టీడీఎస్ కింద, అంటే ముందస్తు పన్నుగా, కోసి మిగిలిందే అద్దెదారు పంపాలి. తక్కువ కోయడానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంది. అదంతా ఎందుకు, 'నాన్నగారి అకౌంటులో వేసేయండి' అనండి. నోటీసు వస్తే చిక్కుల్లో పడేది టీడీఎస్ కోయని అద్దెదారే.

చివరగా చెమ్మ. బాత్రూం గోడకు అవతల, బెడ్రూంలో, స్కర్టింగు పైన జానెడు ఎత్తున గోధుమరంగు మరక కనిపిస్తుంది. వేలితో గీకితే సున్నం పొడిలా రాలుతుంది, కింద తెల్లటి ఉప్పు. బాత్రూం టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటు పోయి, నహానీ ట్రాప్ (నేలమీది నీళ్ళు పోయే తూము) చుట్టూ ఖాళీ ఏర్పడి, నీళ్ళు టైల్స్ కింద చేరి గోడలోకి ఎక్కుతున్నాయన్నమాట. ట్రాప్‌ను గుడ్డతో బిగించి, రెండంగుళాలు నీళ్ళు నిలబెట్టి, మట్టానికి పెన్సిల్‌తో గీత పెట్టి ఒక రోజు వదిలేస్తే తెలిసిపోతుంది. సందులు గీకి, బాగా ఆరనిచ్చి ఎపాక్సీతో నింపితే చాలాసార్లు సరిపోతుంది. మరీ ముదిరితే టైల్స్ పగలగొట్టాలి.

కానీ ఇవన్నీ మేస్త్రీ పనులు. ఓనరు పని తడి గోడ మీదే పుట్టీ రాసి, పెయింటు కొట్టించి, టులెట్ బోర్డు తగిలించడం. నెలలు తిరక్కుండా అది మళ్ళీ పొంగి పెచ్చులూడుతుంది. అప్పటికి మరో కుటుంబం ఇల్లు చూడటానికి వచ్చి, ఆ గోడ దగ్గరే ఆగుతుంది.

"ఇదేంటండీ, ఇక్కడ ఇలా ఉంది?"

"అదా? పాతవాళ్ళు నీళ్ళు ఎక్కువగా వాడేవాళ్ళండీ."