చిష్తీ చరిత్ర ఢిల్లీలోనే ఆగిపోయిందా?

ఇవాళ సాయంత్రం ఒక సభలో చిష్తీ సిల్‌సిలా, అంటే చిష్తీ సూఫీల గురుపరంపర, చరిత్ర మీద గంటసేపు సాగిన ప్రసంగం విని వచ్చాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్‌తో మొదలుపెట్టిన వక్తగారు, 1325లో ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా కన్నుమూయగానే కథ ముగించేశారు. "మరి దక్కను సంగతేమిటండీ?" అని అడిగితే, "అదంతా స్థానిక చరిత్ర" అని చిరునవ్వు నవ్వి మైకు పక్కవారికి అందించారు. అజ్మీర్, ఢిల్లీ మాత్రం ఎవరికీ స్థానికం కావు కాబోలు!

ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో దౌలతాబాదును రాజధాని చేసుకుని ఢిల్లీ పెద్దలను అక్కడికి తరలించిన కాలంలోనే, నిజాముద్దీన్ శిష్యుడు బుర్హానుద్దీన్ గరీబ్ దక్కనుకు వచ్చి ఖుల్దాబాదులో సమాధి అయ్యారు. తపతి ఒడ్డున ఉన్న బుర్హాన్‌పూర్‌కు ఆ పేరు ఆయన వల్ల వచ్చినదే. ఆయన శిష్యుడు జైనుద్దీన్ షీరాజీ దర్గా ఆవరణలోనే ఔరంగజేబును ఖననం చేశారు. మొగలు చక్రవర్తి సమాధి ఉన్నా సరే, ఇది "స్థానికం"!

అన్నిటికన్నా నాకు గుచ్చుకున్నది బందే నవాజ్ గేసూదరాజ్ పేరైనా ఎత్తకపోవడం. నిజాముద్దీన్ శిష్యుడైన చిరాగ్ దెహ్లీ వద్ద శిష్యరికం చేసి, ఎనభయ్యో ఏటికి దగ్గరపడిన వయసులో, 1398లో తైమూరు దండు ముంచుకొస్తుండగా ఢిల్లీ విడిచి, గుజరాతు మీదుగా గుల్బర్గా చేరిన మనిషి ఆయన. మొదట ఆదరించిన ఫిరోజ్ షా బహమనీకీ ఆయనకూ తరువాత చెడింది. తన కొడుకును వారసుడిగా దీవించమని సుల్తాను కోరితే ఆయన ఒప్పుకోలేదని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. చివరికి 1422లో గద్దె సుల్తాను తమ్ముడు అహ్మద్ షాకు దక్కింది, అదే ఏడు బందే నవాజ్ కాలం చేశారు. గద్దె తగాదాలోకి పీరును లాగిన ఇంత చరిత్రను వదిలి, వక్తగారు ఖవ్వాలీ మాధుర్యాన్నే వర్ణించుకుంటూ పోయారు. పోనీ, ఆ సంగీతం ధర్మసమ్మతమేనా అని ఘియాసుద్దీన్ తుగ్లక్ కొలువులో ఉలేమాలు (మతపండితులు) నిజాముద్దీన్‌ను నిలదీసిన సంగతైనా చెప్పారా? అదీ లేదు.

అసలు ఈ జబ్బు బడిలోనే పట్టుకుంటుంది. "సూఫీలు ప్రేమను, సమానత్వాన్ని బోధించిరి" అన్న ఒక్క వాక్యం బట్టీ పట్టినవారికి మార్కులన్నీ పడేవి. బందే నవాజ్ గురించి నేను రాసిన పేజీకి మాత్రం మాస్టారు ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, "సిలబస్‌లో లేదు" అని రాశారు. సిలబస్‌లో లేనివారి ఉరుసుకు మన ఊళ్ళ నుంచి జనం ఏటా గుల్బర్గా ఎందుకు వెళ్తున్నారో ఆయన ఏనాడూ చెప్పలేదు.