నిందితుణ్ని కీచకుడు చేసేదెవరు?

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సులో నాగార్జున యూనివర్సిటీ స్టాపు రాగానే ఎవరో ఒకరు పక్కవాళ్లతో అంటారు, 'ఆ ఆర్కిటెక్చర్ అమ్మాయి ఇక్కడేగా' అని. 2015 జులైలో హాస్టల్లో ఆ విద్యార్థిని మరణం, ర్యాగింగ్ ఆరోపణలు, సీనియర్ల అరెస్టులు, టీవీల్లో ఆమె డైరీ పేజీలు అందరికీ గుర్తే. 2024 నవంబరులో గుంటూరు కోర్టు ఆ కేసు కొట్టేసిందని చెప్పి చూడండి. 'అవునా, ఎప్పుడు?' అంటారు.

కొట్టేశారంటే ర్యాగింగ్ జరగలేదని కాదు, నేరం రుజువు కాలేదని. తొమ్మిదేళ్లలో సాక్ష్యం ఎక్కడ జారిపోయింది? వార్త అక్కడ మొదలవ్వాలి. మనకు అది అక్కడే ముగిసింది.

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం కేసు ఇంకా ఘోరం. 2007 డిసెంబరు 27న ప్రైవేటు హాస్టల్లో బీఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ముందు ఓ రాజకీయ కుటుంబం మీద అనుమానాలు. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. విజయవాడ కోర్టు 2010లో యావజ్జీవం వేసింది. జైల్లో ఉండగా నరాల జబ్బుతో నడవలేని స్థితికి వచ్చాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా వదిలేసి, లక్ష రూపాయలు ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లు పోయాయి. మరుసటి ఏడాది కేసు సీబీఐ చేతికెళ్లింది.

నిందితుడికీ దోషికీ తేడా వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే మన పత్రికల డెస్కులకు తెలియదా? తెలుసు. కానీ 'కీచకుడు' అంటే హెడ్డింగులో ఇట్టే ఇమిడిపోతుంది, పైగా భారతం అండ ఉంది. కీచకుడి తప్పు మీద ఎవరికైనా సందేహం ఉంటుందా! 'ప్రేమ వ్యవహారమే కారణమా?' అని చివర ప్రశ్నార్థకం తగిలిస్తే పత్రిక మీద కేసు పడదని ధీమా. చనిపోయిన పిల్ల పరువు మాత్రం ఆ గుర్తుతో ఆగదు.

ఊళ్లో విలేకరిని తిట్టి లాభం లేదు. లైన్ల లెక్కన డబ్బులు తీసుకునే మనిషికి సాయంత్రం డెస్కు నుంచి ఫోనొస్తుంది: 'కొత్తగా ఏముంది?' ఏమీ లేకపోతే స్టేషన్ బయట టీ బడ్డీ దగ్గర విన్నదే కొత్తది. ఆత్మహత్య వార్తల్లో ఫొటోలు, వీడియోలు వాడొద్దని, పదే పదే వేయొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో చెప్పింది. ఆ మాట ఈ ఫోన్ దాకా రాలేదు.

మనం అడగనిది వేరే ఉంది. ఫిర్యాదు వచ్చినా కదలని సంస్థ అధిపతిని నేరానికి సహకరించినట్టే చూస్తుంది 1997 నాటి రాష్ట్ర ర్యాగింగ్ నిరోధక చట్టం. హాస్టళ్లలో ఆకస్మిక తనిఖీలు చేయాలంటాయి 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు. ఆ తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగింది, ఎవరు సంతకం పెట్టారు, రాత్రిపూట వార్డెన్ ఉంటోందా? యూనివర్సిటీలోనైతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో తేలుతుంది. ప్రైవేటు హాస్టల్లో ఆ దారి లేదు, విలేకరే వెళ్లి అడగాలి.