జీడిపప్పు చికెన్ వండిన నాన్న

చికెన్ ముక్కల్ని గుడ్డు సొనలో ముంచి, పిండిలో దొర్లించి, కాగే నూనెలో ఎర్రగా వేయిస్తారు. పక్క పొయ్యి మీద చికెన్ ఉడికించిన నీళ్లలో సోయా సాస్, ఆయిస్టర్ సాస్ కలిసి మరుగుతూ చిక్కబడుతుంటాయి. వేగిన ముక్కల మీద ఆ గ్రేవీ పోసి, గుప్పెడు జీడిపప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడలు చల్లి వెంటనే ఇచ్చేయాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ముక్క మెత్తబడిపోతుంది.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లు ఈ వంటకాన్ని తమ ఊరి వంటకం అనే చెప్పుకుంటారు. దాన్ని వాళ్లకు అలవాటు చేసిన డేవిడ్ లియాంగ్ 2020 జులైలో కన్నుమూశారు. వందేళ్లు నిండడానికి కొద్ది వారాలే మిగిలాయి.

ఇలాంటి నాన్నలు పోయినప్పుడు పేపర్లలో ఒకటే కథ వస్తుంది. ఉత్త చేతులతో వచ్చాడు, రాత్రింబవళ్లు కష్టపడ్డాడు, పిల్లల్ని పైకి తెచ్చాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు ఒక ప్రశ్న వస్తుంది. ఇంతమంది చైనా నాన్నలు హోటలే ఎందుకు పెట్టారు? వాళ్లందరికీ వంటంటేనే ఇష్టమా?

జవాబు చట్టంలో ఉంది. చైనా కూలీలు అమెరికాలో అడుగు పెట్టకుండా 1882లో ఏకంగా ఒక చట్టమే చేశారు. వ్యాపారులకు మాత్రం దారి వదిలారు. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానులు కూడా ఆ వ్యాపారుల లెక్కలోకి వచ్చారు. దాంతో బంధువులంతా తలా కొంత డబ్బు వేసుకుని హోటళ్లు పెట్టడం మొదలైంది. హోటల్ ఉంటే సొంతూరికి వెళ్లి తిరిగి రావచ్చు, ఇంకొకరిని పిలిపించుకోవచ్చు. అన్ని తలుపులూ మూసేసి ఒక్క వంటింటి తలుపు తెరిచి ఉంచితే జనం అందులోంచే వస్తారు. తరాల తరబడి జరిగిన ఈ పనిని ‘కష్టపడే గుణం’ అని మెచ్చుకుంటే ఆ మూసిన తలుపుల ఊసే లేకుండా పోతుంది.

1943లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. బదులుగా చైనీయులకు ఇచ్చిన కోటా ఏడాదికి 105 మంది. 1946లో మన దేశానికి ఇచ్చింది 100. అసలు దారి తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు ఎక్కువగా వెళ్లింది ఆ దారిలోనే. ‘మనవాళ్లు చదువుతో పైకొచ్చారు’ అని మనం గర్వంగా చెప్పుకుంటాం. చదివిన మాట నిజమే. ఆ చదువుకు తలుపు తీసే చట్టం అప్పటికి వచ్చిందన్నదీ నిజమే.

లియాంగ్ 1920లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పుట్టారు. 1940లో అమెరికా వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన సైనికుల్లో ఆయనా ఒకరు. 1955లో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉండే ఒక చైనీస్ డాక్టర్ రమ్మంటే అక్కడికి వంటమనిషిగా వెళ్లారు. ఎనిమిదేళ్లు ఇతరుల దగ్గర వండాక, 1963లో ‘లియాంగ్స్ టీ హౌస్’ పేరుతో సొంత హోటల్ కట్టుకున్నారు.

తెరవడానికి ముందే ఎవరో ఆ హోటల్ దగ్గర డైనమైట్ పేల్చారు.

అమెరికా కోసం తుపాకీ పట్టిన మనిషి హోటల్ అది. ఆ తర్వాత ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది, చాలా సంతోషం. కానీ ఆయన్ని తలుచుకునేటప్పుడు ఈ పేలుడును ఒక్క వాక్యంలో దాటేసి గ్రేవీ రుచి దగ్గరికి వెళ్లిపోవడం నాకు నచ్చదు. పగిలింది బాగు చేయించి, ఈ ఊరివాళ్లలో ఎవరు పేల్చారో అన్న అనుమానంతోనే, మర్నాటి నుంచి ఆ ఊరివాళ్లకే వడ్డించాలి. ఆ టెన్షన్‌ను గుండెలో పెట్టుకుని, వచ్చినవాళ్లకు కుర్చీ చూపించడం ఎలాంటి పనో కాసేపు ఊహించి చూడండి.

ఇక ఆ వంటకం సంగతి. చైనా పద్ధతిలో జీడిపప్పు చికెన్‌ను పెనం మీద పెద్ద మంటతో గబగబా వేయించి దించుతారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్న ఓజార్క్స్ కొండ ప్రాంతపు జనానికి అది ఎక్కలేదు. వాళ్లకు ప్రాణం, నూనెలో దేవిన చికెన్, పైన గ్రేవీ. లియాంగ్ ఇది గమనించి ముక్కను వాళ్ల పద్ధతిలో వేయించారు, గ్రేవీలో మాత్రం తన ఆయిస్టర్ సాస్ ఉంచారు. దీన్ని ‘అసలైన చైనా వంట కాదు’ అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. పక్కవాడి నాలుకను అంత శ్రద్ధగా చదివిన మనిషి తెలివి అది.

మన దగ్గర కూడా ఇదే జరిగింది. కలకత్తాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975 ప్రాంతంలో బొంబాయి క్రికెట్ క్లబ్ వంటింట్లో పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి వేయించి, మసాలాకు బదులు సోయా సాస్ పోసి చికెన్ మంచూరియా చేశాడని చెబుతారు. ఇవాళ మా వీధి చివర ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర రాత్రి ఎనిమిదింటికి నిలబడితే, గరిటె పెనానికి తగిలే చప్పుడు మధ్య పదిమందిలో ఐదుగురు అడిగేది అదే. స్ప్రింగ్‌ఫీల్డ్ ముక్కా, మన ముక్కా అన్నదమ్ముల్లా ఉంటాయి. పిండి పట్టించి వేయించడం, చిక్కటి గోధుమరంగు గ్రేవీ, పైన ఉల్లికాడలు. వండినవాళ్లు ఇద్దరూ మనల్ని చదివారు. మనం వాళ్ల గురించి ఏం చదివాం? ‘చైనీస్ తిందాం పద’ అంటాం తప్ప, ఆ మాటలో మనిషి ఉంటాడని ఎప్పుడు అనుకున్నాం?

లియాంగ్స్ టీ హౌస్‌ను 1997లో మూసేశారు. పదమూడేళ్ల తర్వాత, నాన్నకు తొంభై ఏళ్లు వచ్చిన ఏడాది, లియాంగ్ కుటుంబం అదే ఊళ్లో ఇంకో హోటల్ తెరిచింది. మళ్లీ అదే జీడిపప్పు చికెన్, అదే గ్రేవీ.